ముందు కుర్చీ కాళ్ళు కోయండి

పియానో విద్వాంసుడు కావాలంటే ముందు పియానో కొనాలని మీకెవరైనా చెప్పి ఉంటే ఆ మాట మర్చిపోండి. కొనాల్సింది రంపం.

ఎందుకో చెప్తాను. కెనడాలోని టొరంటోలో 1932 సెప్టెంబర్ 25న పుట్టిన గ్లెన్ గూల్డ్ అనే ఆయన పియానో వాయించి చాలా పేరు తెచ్చుకున్నాడు. ఎంత పేరంటే, 1977లో అమెరికా వాళ్ళు వాయేజర్ నౌకలకు బంగారు పూత రికార్డు కట్టి అంతరిక్షంలోకి పంపినప్పుడు అందులో స్వరకర్త బాఖ్ రాసిన ప్రెల్యూడ్, ఫ్యూగ్ ఒకటి ఈయన వాయించిందే పెట్టారు. మన కేసర్‌బాయి కేర్కర్ పాట కూడా అదే రికార్డులో ఉంది. ఇద్దరూ ఇప్పుడు గ్రహాలన్నీ దాటేసి కలిసి ప్రయాణం చేస్తున్నారు. ఆయన ఏమేం చేశాడో తెలుసుకుని, అదే వరసలో మనమూ చేసుకుంటూ పోతే మనమూ అక్కడికే చేరాలి కదా. బస్సు నంబరు తెలిశాక ఊరు చేరకుండా ఎక్కడికి పోతాం?

గూల్డ్‌ను నేను చాలా ఏళ్ళుగా దూరం నుంచి గమనిస్తున్నాను. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది కాబట్టి దగ్గరికి వెళ్ళే వీల్లేదు. రికార్డులు విన్నారా అని అడక్కండి. అవి వింటూ కూర్చుంటే ఫొటోలు చూడటానికి టైముండదు. ఉన్నదంతా ఫొటోల్లోనే ఉంది.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందని మనవాళ్ళు ఎగతాళి చేస్తారు. నన్నడిగితే నక్కకు అన్యాయం జరిగింది. వాత పెట్టుకోవడం దాని తప్పు కాదు. చారలెన్ని, ఎంత వెడల్పు, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి అని పక్కనుండి చెప్పే మనిషి దానికి దొరకలేదు. మీకు ఆ ఇబ్బంది లేదు.

కుర్చీ

సిమ్కో సరస్సు ఒడ్డున గూల్డ్ వాళ్ళకు వేసవి ఇల్లుండేది. పదేళ్ళప్పుడు అక్కడ పడవలు దించే వాలు మీద నుంచి పడి నడుం దెబ్బ తగిలించుకున్నాడు. ఆ నొప్పి బతికినన్నాళ్ళూ ఏదో ఒక రూపంలో వేధించింది. 1953లో వాళ్ళ నాన్న ఒక మడత కుర్చీ తీసుకుని నాలుగు కాళ్ళూ నాలుగేసి అంగుళాలు కోసేసి, ఏ కాలికా కాలు ఎత్తు సర్దుకునేలా మరలు బిగించి ఇచ్చాడు. ఆయన వడ్రంగి కాదు, బొచ్చుకోట్ల వ్యాపారి. కూర్చునే చోటు నేల నుంచి 14 అంగుళాలు. పియానో ముందు మామూలుగా వేసే బల్ల ఇరవై అంగుళాల దాకా ఉంటుంది.

అంత కిందుగా కూర్చుంటే మోకాళ్ళు పైకి లేస్తాయి, ముక్కు మెట్లకు తగుల్తుందేమో అన్నట్టుంటుంది, మణికట్లు మెట్ల మట్టానికి దిగిపోతాయి. భుజాల బరువంతా వేసి ఉరిమినట్టు వాయించడం కుదరదు. పనంతా వేళ్ళే చేసుకోవాలి. అందువల్లే ఆయన బాఖ్ వాయిస్తే ఒకేసారి నడిచే మూడు నాలుగు గొంతులు దేనికది కడిగినట్టు వినబడతాయనీ, పందొమ్మిదో శతాబ్దపు భారీ రచనల్లో ఆ గర్జన రాదనీ తెలిసినవాళ్ళు అంటారు. ఆయనకు తొమ్మిదేళ్ళు నేర్పిన గురువు, చిలీ దేశపు అల్బెర్టో గ్వెరేరో కూడా కిందుగానే కూర్చునేవాడట. అంటే ఆ కుర్చీలో ఒక దెబ్బతిన్న నడుం, ఒక గురువు, పది వేళ్ళు, ఒక బాఖ్ కలిసి కూర్చున్నారన్నమాట. ఇంత గొడవ మనకెందుకు? మనకు కావలసింది నాలుగంగుళాలు.

ఆ కుర్చీని ఆయన దేశదేశాలూ మోసుకెళ్ళాడు. మెత్త చిరిగి, పీలికలై, చివరికి చట్రమే మిగిలినా వదల్లేదు. ఇప్పుడది ఒటావాలో కెనడా ప్రభుత్వ గ్రంథాలయం వారి దగ్గర భద్రంగా ఉంది.

మా అక్క కొడుకు వేసవి సెలవులకి వస్తూ చిన్న క్యాసియో కీబోర్డు చంకన పెట్టుకొచ్చాడు. ఇంతకంటే మంచి అవకాశం మళ్ళీ రాదని నేను భోజనాల బల్ల దగ్గరి టేకు కుర్చీ ఒకటి తిరగేశాను. మొదటి కాలు సరిగ్గా నాలుగంగుళాలు తెగింది. రెండోది మూడున్నర. దాన్ని సర్దుదామని మూడోది నాలుగుంపావు కోశాను. నాలుగోది కోస్తూండగా మా అమ్మ చూసింది. ఆ కంగారులో కొలత పెట్టుకోలేదు.

వాడు కూర్చున్నాడు. “మామయ్యా, ఊగుతోంది” అన్నాడు.

“గూల్డ్ కూడా ఊగేవాడురా” అన్నాను. నిజమే. వాయిస్తున్నంతసేపూ నడుం పైభాగం గుండ్రంగా తిరుగుతూనే ఉండేదాయనకి.

బట్టలు, చేతులు, గొంతు

1955 జూన్. న్యూయార్క్ 30వ వీధిలో ఒకప్పటి చర్చి, అప్పటికి కొలంబియా రికార్డుల వాళ్ళ స్టూడియో. ఇరవై రెండేళ్ళ గూల్డ్ ఆ ఎండల్లో ఓవర్‌కోటు, టోపీ, మఫ్లరు, చేతి తొడుగులతో దిగాడు. వెంట ఒక కట్ట తువ్వాళ్ళు, రెండు పెద్ద సీసాల నీళ్ళు, ఐదు చిన్న సీసాల మాత్రలు, కుర్చీ. వాయించే ముందు మోచేతుల దాకా వేడినీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టేవాడు. ఇదంతా కంపెనీ వాళ్ళే ప్రచారం కోసం అచ్చువేశారు. ఆయన ఏం వాయించాడన్నది కూడా ఆ కాగితంలో ఎక్కడో ఒక మూల ఉండే ఉంటుంది.

కోటు విషయంలో ఒక జాగ్రత్త. ఫ్లోరిడాలోని సరసోటాలో పార్కు బెంచీ మీద ఇదే వేషంలో కూర్చుంటే దిక్కులేనివాడనుకుని కాబోలు, పోలీసులు పట్టుకెళ్ళారు. విజయవాడలో మే నెలలో మీరు ఇలా కూర్చుంటే పోలీసులు రారు, 108 వస్తుంది. ఏది వచ్చినా పేపర్లో పడుతుంది కాబట్టి నష్టం లేదు.

చేతులు ఎవరికీ ఇవ్వకండి. గూల్డ్ కరచాలనం తప్పించుకునేవాడు. 1959 డిసెంబర్‌లో న్యూయార్క్‌లోని స్టెయిన్‌వే పియానో కంపెనీలో ముఖ్య మెకానిక్ ఒకాయన పలకరింపుగా భుజం మీద చెయ్యి వేశాడు. గట్టిగా చరిచాడని గూల్డ్, ఊరికే తట్టాడని అవతలివాళ్ళు. భుజానికి, చేతికి దెబ్బ తగిలిందని గూల్డ్ కచేరీలు మానుకున్నాడు, ఒంటికి ప్లాస్టర్ కట్టు వేయించుకున్నాడు, కంపెనీ మీద మూడు లక్షల డాలర్లకు దావా వేశాడు. 1961లో రాజీ కుదిరింది, 9,372 డాలర్ల 35 సెంట్లకు. ఆస్పత్రి ఖర్చులు, లాయరు ఖర్చులు కలిపితే అంత తేలిందట. మీరు పియానో విద్వాంసుడయ్యాక మీ భుజం మీద కూడా చేతులు పడతాయి, మనవాళ్ళకి శాలువా కప్పడం సరదా. రసీదులు దాచుకోండి. ఆ 35 సెంట్లు వదలద్దు.

ఇక కూనిరాగం. గూల్డ్ వాయిస్తూ పాడేవాడు. స్టూడియో వాళ్ళు ఎంత తంటాలు పడ్డా ఆ గొంతు రికార్డుల్లోకి దూరిపోయింది. దీని మూలం వాళ్ళమ్మ ఫ్లోరెన్స్ దగ్గరుందంటారు. పదేళ్ళు వచ్చేవరకూ పియానో నేర్పింది ఆవిడే, ఏది వాయిస్తే అది పాడుతూ వాయించమనేదట. చేతిలో ఉన్న పియానో తను అనుకున్నట్టు పలక్కపోతే పాట పెరుగుతుందని ఆయనే చెప్పుకున్నాడు. మా మేనల్లుడికి ఇది చప్పున పట్టుబడింది. కాకపోతే వేళ్ళు వాయిస్తున్నది ఒకటి, నోరు పాడుతున్నది సినిమా పాట. “రెండూ ఒకటే అవ్వాలేమో మామయ్యా” అన్నాడు. అలాంటి నియమం నాకెక్కడా ఫొటోల్లో కనబడలేదు.

సాధకం

ఇది ముఖ్యమైన భాగం, ఎందుకంటే దీన్ని దాటేయవచ్చు. గూల్డ్ సాధకం పెద్దగా చెయ్యనని చెప్పుకునేవాడు. వారాల తరబడి పియానో ముట్టుకోకుండా ఉండేవాడు. మన సంగీత పాఠశాలల్లో తెల్లవారుజామున లేపి సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడించే గురువులు ఈ సంగతి తెలుసుకుంటే బాగుండు. స్వరపత్రం ముందేసుకుని, వాద్యం లేకుండా మనసులోనే చదివి, మొత్తం కంఠస్థమై, ఏ గొంతు ఎక్కడ లేచి ఎక్కడ వంగాలో తేలిపోయాకే పియానో దగ్గరికి వెళ్ళేవాడట. ఈ వాక్యంలో మనకు పనికొచ్చేది ‘వాద్యం లేకుండా’ అన్నంతవరకే.

ఆయన 1964లో టొరంటోలో పట్టాలు పుచ్చుకుంటున్న సంగీత విద్యార్థులకు ఒక కథ చెప్పాడు. చిన్నప్పుడు మోజార్ట్ ఫ్యూగ్ ఒకటి వాయిస్తుంటే పనిమనిషి పియానో పక్కనే వాక్యూమ్ క్లీనర్ పెట్టింది. ఆ రొదలో తను వాయిస్తున్నది తనకే వినబడలేదు. మెట్లు వేళ్ళకు తగులుతున్నాయి, వాటి వెనక ఏ స్వరం ఉందో మనసుకు తెలుసు, చెవికి మాత్రం ఏమీ చేరడం లేదు. అప్పుడే సంగీతం అన్నిటికన్నా బాగుందట. పెద్దయ్యాక కూడా ఎక్కడైనా కష్టమైన చోట వేళ్ళు మొరాయిస్తే రేడియో, టీవీ పక్కన పెద్దగా పెట్టుకుని వాయించి దాటేవాడు. లోపల వినబడేది బయట వినబడేదానికంటే గట్టిదని ఆయన భావం.

నేను భావం జోలికి పోలేదు. మా ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ లేదు, మిక్సీ ఉంది. అమ్మ పల్లీ చట్నీ వేసే వేళకి వాడిని కూర్చోబెట్టాను. చట్నీ బాగా మెత్తగా వచ్చింది.

ఇంకో కథ. 1958లో ఇజ్రాయెల్ వెళ్ళినప్పుడు అక్కడి పియానో పరమ దరిద్రంగా ఉంది. మెట్లు చెప్పిన మాట వినవు. సాయంత్రం కచేరీ. గూల్డ్ అద్దె కారేసుకుని ఊరి బయట ఇసుక దిబ్బల దగ్గరికి పోయి, కారులో కూర్చుని, సరస్సు ఒడ్డున ఇంట్లో ఉన్న తన పాత చికరింగ్ పియానోని తలుచుకున్నాడు. ఆ గది, ఆ కిటికీ, ఆ మెట్ల బిగువు, వేలికింద అది పలికే తీరు, అన్నీ. తలుచుకుంటూ బీథోవెన్ కాన్సర్టో మొత్తం మనసులో వాయించేశాడు. సాయంత్రం ఆ దరిద్రపు పియానో ముందు కూర్చుని, ఇంట్లో పియానో మీదే వాయిస్తున్నట్టు వాయించాడు. దీని వల్ల తేలేదేమిటంటే కారు ఉండాలి, ఇసుక ఉండాలి. మనకి భీమిలి దగ్గర కావలసినంత ఇసుక.

వేళ్ళు తట్టే పద్ధతి అని గ్వెరేరో నేర్పిన చాదస్తం ఒకటుంది. ఒక చెయ్యి మెట్ల మీద వదులుగా ఆనించి, రెండో చేత్తో ఆ వేలి కొనని తట్టాలి. మెట్టు దిగుతుంది, వేలు తనంతట తనే లేస్తుంది. ఒక్కో స్వరం ఇలాగే. తర్వాత నెమ్మదిగా మామూలుగా. తర్వాత ఇంకో చెయ్యి. రోజుకు రెండు వరసలు దాటితే గొప్ప. ఆయన వేళ్ళ చురుకుదనమంతా ఇందులోంచే వచ్చిందని గట్టిగా చెప్పేవాళ్ళున్నారు. ఈ పేజీ నేను చూసి వదిలేశాను. పైగా గూల్డే పెద్దయ్యాక తనకు తానే నేర్చుకున్నట్టు మాట్లాడేవాడు, గురువు పేరెత్తడం తగ్గించాడు. మన విద్వాంసులేమో నోరు తెరవగానే ఫలానావారి శిష్యుణ్ణని మొదలుపెడతారు. ఆ సమయంలో ఇంకో కృతి పాడొచ్చు.

పియానో

పియానో గురించి ఎక్కువ చెప్పను, అది ఖరీదైన వ్యవహారం. టొరంటోలో ఈటన్స్ అనే పెద్ద దుకాణంలో పడున్న స్టెయిన్‌వే ఒకటి 1960లో గూల్డ్ కంటబడింది. దాని సంఖ్య సీడీ 318. మెట్లు తేలిగ్గా, ఊదితే దిగేట్టు దాన్ని మళ్ళీ మళ్ళీ సవరింపజేశాడు. ఒకసారి ఆ సవరింపు ఎక్కువై కొన్ని స్వరాలకు ఎక్కిళ్ళు వచ్చాయి. బాఖ్ ఇన్వెన్షన్ల రికార్డులో అవి అలాగే ఉన్నాయి, గూల్డ్ అట్ట మీద వాటికో వివరణ రాసి ఊరుకున్నాడు. దాన్ని శ్రుతి చేసిన వెర్న్ ఎడ్‌క్విస్ట్‌కి చూపు దాదాపు లేదు, చెవి మాత్రం అద్భుతం. 1971లో రవాణాలో ఎవరో ఆ పియానోని కింద పడేశారు, లోపలి ఇనప చట్రం చిట్లింది. బాగు చేయించినా మునుపటి పలుకు రాలేదు. చివరికి ఆయన యమహా కొనుక్కున్నాడు. ఆ పియానో పోయాక ఆయన పడిన బాధ మనిషి పోతే పడే బాధలాగే ఉందని చదివాను. క్యాసియోకి ఈ సమస్యలేవీ లేవు. కింద పడ్డా డెమో పాట వస్తుంది.

కచేరీ

1955 జనవరి 11న న్యూయార్క్ టౌన్‌హాల్లో తొలి కచేరీ చేశాడు. కుర్రాళ్ళు అలాంటి చోట షోపాన్, లిస్ట్ వాయించి జనాన్ని పడేస్తారు. ఈయన గిబ్బన్స్, స్వేలింక్, వెబెర్న్, బెర్గ్, వాటి మధ్య బాఖ్, బీథోవెన్ పెట్టుకున్నాడు. పెళ్ళి భోజనానికి పిలిచి పెసరకట్టు, కాకరకాయ కారం వడ్డించినట్టు. మర్నాడే కొలంబియా వాళ్ళు ఒప్పందం చేసుకుంటామన్నారు. ఇదెలా జరిగిందో ఎంత వెతికినా నాకు అంతుపట్టలేదు. వాయించాడు, వాళ్ళు విన్నారు. ఇందులో మనం నేర్చుకునేదేమీ లేదు.

మాస్కోలో జరిగింది పనికొస్తుంది. యుద్ధం తర్వాత సోవియట్ దేశానికి వెళ్ళిన మొదటి ఉత్తర అమెరికా పియానో విద్వాంసుడు ఆయనే, 1957 మే నెలలో. పేరు తెలియని మనిషి కాబట్టి మొదటి సగం హాలు చాలావరకు ఖాళీ. విరామంలో జనం ఫోన్ల దగ్గరికి పరుగెత్తి తెలిసినవాళ్ళందర్నీ రమ్మన్నారని, రెండో సగానికి హాలు కిక్కిరిసిందని చెప్పుకుంటారు. కాబట్టి మీ కచేరీలో మొదటి సగం హాలు ఖాళీగా ఉండేలా చూసుకోండి. ఇది మీకు కష్టం కాదు. విరామం తర్వాతి సంగతి రష్యన్లు చూసుకుంటారు.

ఆర్కెస్ట్రాతో వాయించేటప్పుడు కండక్టర్‌తో పేచీ తప్పనిసరి. 1962 ఏప్రిల్ 6న కార్నెగీ హాల్లో బ్రామ్స్ డి మైనర్ కాన్సర్టో. గూల్డ్ దాన్ని చాలా నెమ్మదిగా నడపాలన్నాడు. కండక్టర్ లెనర్డ్ బెర్న్‌స్టైన్ మొదలుపెట్టే ముందు జనం వైపు తిరిగి, ఈ నడక తనకు సమ్మతం కాదనీ, అయినా ఇంతటి కళాకారుడు ఇలా అనుకున్నాడంటే వినదగ్గదేనని నడుపుతున్నాననీ, కాన్సర్టోలో అసలు పెద్దెవరు, వాయించేవాడా నడిపేవాడా అనీ నవ్వుతూనే చెప్పేశాడు. పీటల మీద కూర్చున్నాక పురోహితుడు లేచి, ఈ సంబంధం నాకు నచ్చలేదు కానీ మంత్రాలు చదువుతాను అన్నట్టు. మర్నాడు పత్రికల్లో ఉతికి ఆరేశారు. గూల్డ్‌కి మాత్రం ఆ ప్రసంగం సరదాగానే అనిపించింది, ఇద్దరూ ముందే అనుకున్న మాటే అది. మీరు కూడా ఎవరైనా బెర్న్‌స్టైన్‌ని చూసుకుని గొడవ పెట్టుకోండి. బెర్న్‌స్టైన్ దొరక్కపోతే తబలా అతను సరిపోతాడు.

అదే ఏడాది చప్పట్లు నిషేధించాలని ఒక వ్యాసం కూడా రాశాడు. చప్పట్లే కాదు, అన్ని రకాల ప్రదర్శనలూ రద్దు చేసే పథకం ఒకటి వేసి దానికి నోరు తిరగని పొడవాటి పేరు పెట్టాడు. జనం ఎదుట వాయించడం ఆయన దృష్టిలో కోడిపందెం లాంటిదే. ఎప్పుడు తప్పు చేస్తాడా అని చుట్టూ కాచుకుని కూర్చుంటారు, ఒక స్వరం జారితే వెనక్కి తీసుకునే వీలుండదు.

పెద్దవాళ్ళను తిట్టడం కూడా నేర్చుకోవాలి. మోజార్ట్ ముందే పోయాడని లోకమంతా ఏడుస్తుంటే, ఆలస్యంగా పోయాడన్నాడీయన. 1968లో మోజార్ట్ చెడ్డ స్వరకర్త ఎలా అయ్యాడో వివరిస్తూ టీవీలో కార్యక్రమమే చేశాడు. అదే మోజార్ట్ సొనాటాలన్నీ ఒక్కటీ వదలకుండా రికార్డు కూడా చేశాడు. మన దగ్గర త్యాగయ్య గురించి ఇలా అంటే కచేరీ సంగతి అటుంచండి, కాఫీ కూడా పుట్టదు. అందుచేత ఈ ఒక్క సలహా విదేశాల్లో ఉన్న తెలుగువారికే.

ఇప్పుడు అసలు కిటుకు. కచేరీలు మానేయడం. 1964 ఏప్రిల్ 10న లాస్ ఏంజెలెస్‌లో విల్షైర్ ఎబెల్ థియేటర్‌లో వాయించి గూల్డ్ మళ్ళీ జనం ముందు వాయించలేదు. వయసు 31. అప్పటిదాకా ఆయన చేసినవి రెండు వందల కచేరీలు కూడా ఉండవు, ఒప్పుకుని రద్దు చేసుకున్నవీ బోలెడు. ఆ తర్వాత స్టూడియోలో కూర్చుని, ఒకే రచనని పలుమార్లు వాయించి, ఒకదాంట్లో ముందు భాగం, ఇంకోదాంట్లో తర్వాతి భాగం టేపు కోసి అతికించి, జనం ముందు ఏ కచేరీలోనూ సాధ్యం కానిది తయారుచేస్తానన్నాడు. అందరూ నవ్వారు. ఈ రోజు మనం వినే సినిమా పాటల్లో అతుకు లేనిది ఏదైనా ఉందేమో చెప్పండి.

ఆయనకు ఆ మానేసే స్థాయి రావడానికి న్యూయార్క్ తొలి కచేరీ నుంచి లెక్కేసినా తొమ్మిదేళ్ళు పట్టింది. నా పద్ధతిలో మొదటే మానేయవచ్చు. తొమ్మిదేళ్ళు మిగులుతాయి.

రాత్రిపూట

గూల్డ్ తెల్లవారాక పడుకునేవాడు, సాయంత్రానికి లేచేవాడు. రోజుకు ఒక్క పూట సరైన భోజనం, అదీ తెల్లవారుజామున రెండింటికో మూడింటికో టొరంటోలో రాత్రంతా తెరిచుండే ఫ్రాన్స్ అనే హోటల్లో గిలక్కొట్టిన గుడ్లు. మిగిలిన రాత్రంతా ఫోను. స్నేహితుల్ని లేపి గంటలకొద్దీ మాట్లాడేవాడు. తను రాస్తున్న వ్యాసం మొత్తం చదివి వినిపించేవాడు, ఒక్కోసారి రచన మొత్తం పాడేవాడు. అవతల మనిషి నిద్రలోకి జారుకున్నా తెలిసేది కాదట. ఎదురెదురుగా కూర్చుంటే మాత్రం ఆయనకు మనుషులు పడేవారు కాదు.

ఆ ఒంటరితనం మీదే రేడియోకి పనిచేశాడు. 1967 డిసెంబర్‌లో సీబీసీలో ‘ది ఐడియా ఆఫ్ నార్త్’ వచ్చింది. కెనడా ఉత్తరాన మంచుదేశంలో బతికొచ్చిన ఐదుగురి మాటలు తీసుకుని, ఒకరి మీద ఒకరు మాట్లాడుతున్నట్టు, ఫ్యూగ్‌లో గొంతులు నడిచినట్టు నేశాడు. పెళ్ళివారింట్లో ముగ్గురు పిన్నిలు ఒకేసారి మాట్లాడుతున్నా ఎవరేమన్నారో మీ అమ్మకి తెలుస్తుంది చూడండి, ఆ విద్య. పియానో వాయించడం కంటే అది తక్కువ పనేమీ కాదు, ఎన్ని గంటలు టేపు కోసి ఉంటాడో. ఇలా మెచ్చుకోవడం సలహాల పుస్తకంలో ఉండకూడదు. క్షమించండి.

ఫోను సలహా నేను స్వయంగా పాటించి చూశాను. రాత్రి రెండున్నరకి మా అక్కకి చేసి, కౌంటర్‌పాయింట్ గురించి నేను రాసుకున్నది చదువుదామని గొంతు సవరించుకున్నాను. “ఎవరు పోయార్రా?” అంది. ఎవరూ పోలేదన్నాను. నమ్మలేదు. అమ్మకి ఇమ్మంది. అమ్మని లేపి ఫోనిస్తే అమ్మా అదే అడిగింది, “ఎవరే పోయింది?” అని. ఆ ఇద్దరి సంభాషణ పావుగంట నడిచింది. రెండు గొంతులు, ఒకే మాట, ఒకదాని వెనక ఒకటి. అదే ఫ్యూగ్ అని తర్వాత తట్టింది.

మాత్రల గురించి రాయాలని ఒక పేజీ పెట్టుకున్నాను. రక్తపోటుకి ఒకటి, నిద్రకి ఒకటి, ఆందోళనకి ఒకటి. ఒక డాక్టరు రాసింది ఇంకో డాక్టరుకి చెప్పడు. రోజులో పలుమార్లు తన బీపీ తనే చూసుకుని అంకెలు వరసగా రాసుకునేవాడు. 1977 ప్రాంతంలో చేతులు చెప్పిన మాట వినడం మానేస్తే, ఎవరికీ చెప్పకుండా మణికట్టు ఇలా, భుజం అలా అని నోటు పుస్తకాల్లో నెలల తరబడి తనలో తనే మాట్లాడుకున్నాడు. యాభయ్యో పుట్టినరోజు వెళ్ళిన రెండో రోజు, 1982 సెప్టెంబర్ 27న, పక్షవాతం వచ్చింది. అక్టోబర్ 4న పోయాడు. తండ్రి బొచ్చుకోట్లు అమ్మాడు, కొడుకు ఆస్తిలో సగం మూగజీవాల ఆశ్రయానికి రాసి పోయాడు. మా వాడికి ఈ పేజీ ఇవ్వలేదు.

చివరి లెక్క

1955లో ఆయన రికార్డు చేసిన బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ నిడివి 38 నిమిషాల పైచిలుకు. మొదట ఒక ఏరియా, దాని మీద 30 వేరియేషన్లు, ఆఖర్న మళ్ళీ అదే ఏరియా. 1981లో అదే 30వ వీధి స్టూడియోలో, ఇంచుమించు సీటే లేని అదే కుర్చీలో కూర్చుని, అదే రచన మళ్ళీ రికార్డు చేశాడు. ఈసారి 51 నిమిషాలు. కొన్ని భాగాలు రెండుసార్లు వాయించాడు గానీ, మొత్తమ్మీద మనిషే నెమ్మదించాడు. మొదటి ఏరియాకి ఒకటిన్నర రెట్లకు మించి టైము తీసుకున్నాడు. లెక్క కట్టండి: ఇరవై ఆరేళ్ళు, పదమూడు నిమిషాలు. ఏడాదికి అర నిమిషం చొప్పున నెమ్మదించాలన్నమాట. గోడ మీద రాసి పెట్టుకోండి.

ఈ లెక్క సరిచూద్దామని మొదటిసారిగా రెండు రికార్డులూ పెట్టాను. గడియారం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. రెండోదాంట్లో ఆఖరి ఏరియా వచ్చేటప్పటికి ఎన్ని నిమిషాలైందో చూడటం మర్చిపోయాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ మర్చిపోయాను. కాబట్టి పై అంకెలు అట్ట మీద నుంచి తీసుకున్నవి.

లేచి చూస్తే మా వాడు అవతల గదిలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి కీబోర్డు మీద ఆనించి, ఎడమచేత్తో ఒక్కో వేలూ తడుతున్నాడు. టప్, టప్, టప్. నేను వదిలేసిన పేజీ ఎక్కడ దొరికిందో వాడికి. ఏరియాలో మొదటి నాలుగు బార్లు, మూడు రోజుల నుంచి అవేనట. కీబోర్డు స్విచ్చు కూడా వేసి లేదు.

“వినబడట్లేదు కదరా” అన్నాను.

“నాకు వినబడుతోంది మామయ్యా” అన్నాడు, తలెత్తకుండా.

కుర్చీ ఎక్కడ పెట్టావురా అంటే వంటింటి వైపు చూపించాడు. అమ్మ దాని మీద కూర్చుని, పొట్టి కాలి కింద పాత పంచాంగం దోపి, గోంగూర వలుస్తోంది. ఎత్తు తన మోకాళ్ళకి సరిగ్గా సరిపోయిందట. మిగతా మూడు కుర్చీలు కూడా కోసిపెడతావా అని అడిగింది, పిన్ని వాళ్ళు వచ్చినప్పుడు పనికొస్తాయని.